పుండులో నిద్రపోయేవి

నర్సింగమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. అటు వంటిల్లు, ఇటు కోడలు అండాలు పడుకున్న గది. డాక్టరు సావిత్రమ్మ ఎటు వెళ్ళాలన్నా ఆమెను దాటుకొనే వెళ్ళాలి.

"పొద్దటి సూది ఎయ్యలె. ఇప్పటి సూదీ ఎయ్యలె. మందు అయిపోయిందా అంటె ఉన్నదంటవు. ఉన్న మందు దాసిపెట్టి నా కోడలిని ఎందుకు ఎండబెడుతున్నవు, డాక్టరమ్మా?"

గొంతు పెంచలేదు. నెల రోజులకు పైగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించి, డాక్టరమ్మకు కూడా తన చేత్తోనే అన్నం వడ్డిస్తున్న మనిషి ఆమె. ఆ చనువుతోనే అడిగింది. ఆ చనువు వల్లే మాట ఎక్కువ గుచ్చుకుంది.

"పొద్దుగాల చెప్పిన గద అవ్వా. కావాల్ననే ఆపిన," అంది సావిత్రమ్మ.

"కావాల్నని సంపుతరా ఎవలన్న?"

గదిలోంచి అండాలు దగ్గింది. ఇద్దరూ ఒక్కసారి అటు చూసి మాట ఆపేశారు.

ఆలేరు స్టేషనుకు ఎదురుగా ఉన్న ఆ పెంకుటింటి ముందు గది దవాఖాన. వెనక గదుల్లో సావిత్రమ్మ ఒక్కతే ఉండేది. నల్లగొండ వకీలు గారి బిడ్డ. హైదరాబాదులో డాక్టరీ చదివి, పెళ్ళైన ఏడాదికే భర్త పోతే, ఎవరింటికీ వెళ్ళకుండా ఇక్కడ దిగింది. యూనియన్ మిలిట్రీ వచ్చి నిజాం దిగిపోకముందు, రజాకార్లు మల్లెగుట్ట ఊరి మీద పడ్డప్పుడు, అక్కడి ఆడవాళ్ళు వడిసెలలు పట్టుకొని బురుజెక్కారు. అందరికంటే ముందున్నది నర్సింగమ్మ కోడలు అండాలు. కాలి పిక్కలోంచి తుపాకి గుండు దూసుకుపోయింది.

ఆ పుండు ఆ తర్వాత ఎన్ని రూపాలు మార్చిందో సావిత్రమ్మకే తెలుసు.

మొదట ఊళ్ళో సంఘం వాళ్ళు కడిగి, సల్ఫా పొడి నింపి, కుట్లు వేశారు. పైన చర్మం చక్కగా కలిసింది. నర్సింగమ్మ మైసమ్మకు కోడిని కోసి మొక్కు తీర్చుకుంది కూడా. వారం తిరిగేసరికి పిక్క గుమ్మడికాయలా ఉబ్బింది. భర్త మారయ్య ఆమెను వీపు మీద వేసుకొని ఆలేరు తెచ్చాడు. సావిత్రమ్మ కుట్లు కోసి పుండు విప్పితే వచ్చిన కంపుకు అతను బయటికి పరుగెత్తాడు. గాలి తగిలాక కంపు తగ్గింది. కాని కట్టుగుడ్డల మీద పచ్చటి మరక పడసాగింది. ఇప్పపువ్వులాంటి తీపి వాసన. నీళ్ళు కలిపిన పుల్లటి ద్రావకం, సిర్కాతో కడగ్గా కడగ్గా ఆ పచ్చదనం పోయింది. పోయిందనుకుంటే పసుపు పచ్చటి చిక్కటి చీము మొదలైంది. అది ఏ కడుగుడుకూ లొంగలేదు.

స్టేషను దగ్గర దిగిన మిలిట్రీ వాళ్ళ డాక్టరును బతిమాలి పెన్సిలిన్ సంపాదించింది సావిత్రమ్మ. మూడేసి గంటలకొక సూది. జ్వరం దిగింది, పుండు ఎండింది. సూది మానేసిన కొన్నాళ్ళకే జ్వరం మళ్ళీ వచ్చింది. మళ్ళీ సూదులు, మళ్ళీ అదే కథ. ఈసారి జ్వరం పూర్తిగా దిగనూ లేదు, పూర్తిగా ఎక్కనూ లేదు. అండాలు మాత్రం చిక్కి సగమైంది.

మిలిట్రీ డాక్టరు వచ్చి చూసి ఒక్కటే మాట చెప్పాడు, కాలు తీసేయాలని. ఆ మాట విన్నప్పటి నుంచి మారయ్య అన్నం సరిగా తినలేదు. గోదాముల్లో ఆముదాల బస్తాలు మోసే హమాలీ పనిలో కుదురుకున్నాడు ఈ మధ్యే. పొద్దున పనికి వెళ్తూ, కాలు తీయించడానికి ఈ మధ్యాహ్నం రైలుకే అండాలును లష్కర్ పెద్ద దవాఖానకు తీసుకుపోతున్నానని తల్లితో చెప్పి వెళ్ళాడు. అది విన్న తర్వాతే సావిత్రమ్మ పొద్దటి సూది ఆపింది. నర్సింగమ్మకు ఆ రెండింటికీ ఏదో లంకె కనబడింది.

"నా కొడుకు తోల్కపోతననె వరకు నీకు కోపమొచ్చింది. గందుకే సూది బంద్ జేసినవు."

"అట్ల అనకు అవ్వా." సావిత్రమ్మ ఆమెకు ఎదురుగా నేల మీదే కూలబడింది. "కోపం కాదు. ఇయ్యాల గాకపోతె ఇంకెప్పుడూ చేసి చూడలేను. గందుకే."

కిటికీ దగ్గర బల్ల మీద భూతద్దాల యంత్రం ఉంది, ఇత్తడి గొట్టం. ఎండ పడితేగాని అందులో ఏదీ కనబడదు. రోజూ పొద్దున చీము చుక్క గాజుపలక మీద రాసి, రంగు వేసి, సావిత్రమ్మ అక్కడ చాలాసేపు కూర్చునేది. ఆ కూర్చోవడం నర్సింగమ్మకు మొదటి నుంచీ నచ్చలేదు. పుండును చూడాలిగాని గాజుముక్కను చూస్తుందేమని గొణిగేది.

సావిత్రమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకు వచ్చిన మాటల్లో, నర్సింగమ్మకు తెలిసిన మాటల్లో. ఆ చీములో ఉన్నవి కంటికానని పురుగులు. గాలి తగిలే చోట అవి మనలాగే గాలి పీల్చి తిన్నదాన్ని లోలోపల మండించుకుంటాయి, బుక్కెడు తింటే బుక్కెడు బలమూ వస్తుంది. పైన చర్మం మూసుకుపోయి గాలి అందకపోతే చచ్చిపోవాలి కదా. చావవు. ఆ తిండి పద్ధతే వదిలేసి, మూత పెట్టిన కుండలో గంజి పులిసినట్టు, గాలి లేకుండానే తిన్నదాన్ని పులియబెట్టుకుంటాయి. బలం కొంచెమే వస్తుంది, ఆ కొంచెంతోనే గడుపుకుంటాయి. ఒక తిండి అయిపోతే ఇంకోటి తినడం నేర్చుకుంటాయి. కండ కుళ్ళితే దాన్ని, చచ్చిన తోటి పురుగుల్ని కూడా. ఏదీ దొరక్కపోతే తినడమే మానేస్తాయి. పెరగవు, పిల్లల్ని పెట్టవు. ఊరికే పడి ఉంటాయి.

"ఈ పెన్సిలిన్ ఉన్నదే, అది పెరిగేటియాటినే సంపుతది. పండుకున్నయాటి మీదికెళ్ళి పోతది గని ముట్టదు. ఎందుకో ఇంకా ఎవ్వలకు సరిగ తెల్వదు. మనం మూడు గంటలకోసారి సూది ఎయ్యబట్టి అవి లేస్తలేవు. సూది బంద్ చేస్తె, పది దినాలకు నిమ్మళంగ లేస్తున్నయి."

చెబుతూ చెబుతూ ఆమె ముఖం వెలిగింది. గొంతులో అలసట పోయింది.

"దుష్మన్లే అవ్వా అవి. అయినా వాటి బతుకు సూస్తుంటె దండం పెట్టాలనిపిస్తది నాకు."

నర్సింగమ్మ ముఖం నల్లబడింది. "నా కోడలిని తింటుంటె నీకు దండం పెట్టాలనిపిస్తదా?"

సావిత్రమ్మ తల దించుకుంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాని అబద్ధం మాత్రం కాదు.

గదిలో మంచం కిర్రుమంది.

"పొయ్యిలార్పినట్టా, డాక్టరమ్మా?" అంది లోపల్నుంచి అండాలు.

ఇద్దరూ లేచి వెళ్ళారు. అండాలు మోచేతి మీద కొంచెం లేచి కూర్చుంది. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళే మిగిలాయి ఆ ముఖంలో. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. గుండు తగిలిన మర్నాడు రజాకార్లు గుట్ట మీద మకాం పెట్టారు. ఏ ఇంటి మీద పొగ లేస్తే ఆ ఇంటి మీద కాల్చేవారు. ఊరంతా పొయ్యిలు ఆర్పేసింది. నానబెట్టిన జొన్నలు పచ్చివే నమిలారు. చంటిపిల్లలను పొద్దంతా కడుపుకు అదుముకొని కూర్చున్నారు. నీళ్ళకు బావికి కూడా ఎవరూ పోలేదు.

"ఊరు ఖాళీ అయిందనుకోని ఆల్లు దిగిపోయిండ్రు. గా సాయంత్రం అందరం పొయ్యిలు ముట్టిచ్చినం. అత్తా, నువ్వు లేగదూడ మూతి గట్టిగ పట్టుకోని కూసున్నవు, యాదికున్నదా?"

నర్సింగమ్మకు గుర్తుంది. దూడ ముట్టె తడి ఇంకా అరచేతిలో ఉన్నట్టే ఉంది.

"అంతే అండాలూ," అంది సావిత్రమ్మ. "ఊరు ఖాళీ అనుకోని దిగిపోయేటిది నా మందు. గందుకే ఇయ్యాల మందు బంద్ చేసిన. మొన్న పుండును వెడల్పు కోసి ఎముక దాక గాలి తగిలేటట్టు చేసిన, ఈసారి పది దినాలు పట్టదు. వాటికి ఇంక భయం లేదనిపియ్యాలె. అన్నీ లేచి తినుడు మొదలుపెట్టాలె. అప్పుడు పెద్ద సూది ఏస్త."

"లేచినయని ఎట్ల తెలుస్తది?"

"నీకు జ్వరమొస్తది. మస్తుగ."

బయట చెప్పుల చప్పుడైంది. మారయ్య వచ్చాడు. వెనక ఇద్దరు హమాలీలు నులక మంచం తలకిందులుగా మోసుకొచ్చారు. అతను ఎవరి వైపూ చూడకుండా, అండాలు బట్టలు మూటగట్టమని తల్లికి చెప్పాడు. రైలుకు ఎక్కువ సేపు లేదన్నాడు.

నర్సింగమ్మ కదల్లేదు. సూది ఆపిన సంగతి ఆమే చెప్పింది, కొడుకు ఎలాగూ తెలుసుకుంటాడని. మారయ్య అప్పుడు తలెత్తి డాక్టరమ్మను చూశాడు.

"మిలిట్రీ డాక్టరు కాలు తియ్యాలన్నడు. ఆయన చెప్పింది తప్పా?"

"తప్పు కాదు," అంది సావిత్రమ్మ. "కాలు తీస్తె మనిషి దక్కుతది. శానా మట్టుకు."

ఆ జవాబు అక్కడ ఎవరూ అనుకోనిది. నర్సింగమ్మ చటుక్కున ఆమె వైపు తిరిగింది.

"మరి నువ్వు చేసేటిది?"

"కాలూ దక్కొచ్చు. జ్వరం నెత్తురుకెక్కితె ఏదీ దక్కకపోవచ్చు. డాక్టర్ల పత్రికల చదివిన. సీసాలల్ల పురుగులను పెంచి, మందు పోసి, ఆపి, మళ్ళ పోసి చూసినోళ్ళు రాసిండ్రు. మనుషులకు ఎంతమందికి చేసిండ్రో నాకు తెల్వదు."

"తెల్వకుంటనే నా పెండ్లాం మీద చేస్తవా?"

తలుపు దగ్గర హమాలీలు మంచం దింపి, ఎటు చూడాలో తెలియక గోడకేసి చూస్తున్నారు. అండాలు వాళ్ళను కాసేపు బయట కూర్చొమ్మంది.

వాళ్ళు వెళ్ళాక మారయ్య భార్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతని మాట ఇప్పుడు మెత్తబడింది. కాలు లేకపోయినా తానుంటానన్నాడు. నీళ్ళు తానే తోడతానన్నాడు, అంబలి తానే కాస్తానన్నాడు, ఎక్కడికి పోవాలన్నా ఎత్తుకుపోతానన్నాడు. అవన్నీ అతను చేస్తాడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే వినడం కష్టమైంది.

"చేస్తవు. నాకెరుకే," అంది అండాలు. "నన్ను వీపు మీదేసుకోని వచ్చిననాడు నువ్వు నన్నడగలె. నాకు సోయి లేకుండె. ఇయ్యాల సోయి ఉన్నది. ఒక్క పూట ఆగు."

"గా ఒక్క పూటలనే పోతె?"

"పోతె నా అంతట నేనే పోయిన. నిన్నెవ్వలు ఏమనరు."

"ఎవ్వలు ఏమనకపోతె నాకేంది?" అన్నాడు మారయ్య.

అండాలు చెయ్యి చాచి అతని ముంజేయి పట్టుకుంది. ఎముకలు కనబడుతున్న ఆ వేళ్ళలో పట్టు మాత్రం తగ్గలేదు. పుండును చూస్తూ, మారయ్యకు కాదన్నట్టు, అవతల ఇంకెవరికో చెప్పినట్టు అంది: "లేవనియ్యుండ్రి వాటిని. నేను సూస్త."

నర్సింగమ్మ ముక్కు చీదుకొని లేచింది. మూట కట్టడానికి తీసిన చీరలను మళ్ళీ దండెం మీద వేసింది. డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, ఎంతసేపు ఆగాలని మాత్రం అడిగింది.

రైలు వచ్చింది, ఆగింది, కూత వేసి కదిలింది. హమాలీలు ఖాళీ మంచం ఎత్తుకొని వెళ్ళిపోయారు. మారయ్య వసారా గుంజకు ఆనుకొని, పొగ కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు.

ఎండ వాలకముందే చలి మొదలైంది. అండాలు పళ్ళు కొట్టుకుంటుంటే నర్సింగమ్మ గొంగడి మీద గొంగడి కప్పింది. ఒళ్ళు పెనంలా కాలింది. పెదవులు ఆరిపోయాయి. బురుజు మీద ఉన్నట్టు ఒకసారి రాళ్ళు అందియ్యమంది, ఒకసారి అత్తను పేరు పెట్టి పిలిచింది. మారయ్య వచ్చి డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. చేతులు నలుపుకుంటున్నాడు.

"ఇంక జర సేపు," అంది సావిత్రమ్మ.

పుండులోంచి చీము చుక్క తీసి, ఆఖరి వెలుతురు పోకముందే కిటికీ దగ్గరికి వెళ్ళింది. పొద్దున ఇదే గాజు మీద అక్కడక్కడ చిన్న చిన్న గుంపులు, వెలిసిపోయిన రంగుతో, ఉన్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి. ఇప్పుడు కన్ను ఆన్చగానే పాలుపోసుకున్న జొన్నకంకుల్లా గుత్తులు గుత్తులు. ఒక్కోటీ నిండుగా, ముదురు ఊదా రంగులో, రెండుగా చీలుతూ, చీలినవి మళ్ళీ చీలుతూ. గాలి ఆడని రోజుల్ని, సిర్కా కడుగుళ్ళని, అన్ని సూదుల్ని మౌనంగా దాటుకొని, పూట తిరిగేలోపు అద్దం నిండా కాపురం పెట్టాయి. ఎంత ఓపిక. చేతులు లేవు, కళ్ళు లేవు, చెప్పేవాళ్ళు లేరు. ఎప్పుడు తినాలో, ఏది తినాలో, ఎప్పుడు ఊరకుండాలో వీటికి ఎవరు నేర్పారు?

క్షణం సేపు ఆమె తాను డాక్టరన్న సంగతే మరిచిపోయింది.

లోపల అండాలు మూలిగింది. సావిత్రమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచింది. మరిగించిన సూదిలోకి మందు ఎక్కించుకొని వచ్చేసరికి నర్సింగమ్మ కోడలి కాలును రెండు చేతులా పట్టుకొని సిద్ధంగా ఉంది. ఎవరూ చెప్పలేదు ఆమెకు.

"లేచినయా?" అంది.

"లేచినయి."

"అయితె ఎయ్యి," అంది నర్సింగమ్మ, కాలు ఇంకా గట్టిగా అదిమిపట్టి.

ఆ తర్వాత సూది ఒక్కటి కూడా తప్పలేదు. మర్నాడంతా జ్వరం ఎక్కుతూ దిగుతూ ఆడించింది. ఆ మర్నాడు పొద్దున సావిత్రమ్మ అండాలు నుదుటి మీద చెయ్యి పెడితే చెమట తడి తగిలింది. ఒళ్ళు చల్లగా ఉంది. అండాలు కళ్ళు తెరిచి, జొన్న గటక ఉందా అని అడిగింది. నర్సింగమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు కూర్చొని, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. తర్వాత గటక కలిపింది.

కట్టు విప్పినప్పుడు చీముతో పాటు ఏదో గట్టిగా పటకారుకు తగిలింది. సావిత్రమ్మ మెల్లగా లాగింది. బూడిద రంగు ఎముక పెచ్చు, గోరంత. దానికి చుట్టుకొని నీలి దారం పోగొకటి. బురుజెక్కిననాటి చీర పోగు. గుండుతో పాటే లోపలికి పోయింది. చచ్చిన ఎముకలోకి నెత్తురు రాదు, నెత్తురు రాని చోటికి మందూ రాదు. ఆ పురుగులు దాక్కోవడానికి ఎంచుకున్న చోటు అది.

ఆమె దాన్ని పింగాణీ గిన్నెలో వేసి మారయ్యకు చూపించింది. అతను గిన్నెను వెలుతురు వైపు వంచి చూశాడు.

"గిదేనా? అయిపోయిందా?"

అబద్ధం చెప్పడానికి అంత మంచి పొద్దు మళ్ళీ రాదు. సావిత్రమ్మ చెప్పలేదు. మొన్న లేచినవి చచ్చాయని, కాని అన్నీ ఒక్కసారే లేవవని చెప్పింది. పక్కవి లేచినా పండుకొనే ఉన్నవి కొన్ని ఉంటాయి. రేపటి నుంచి సూది మళ్ళీ ఆపాలి. మళ్ళీ జ్వరం రానివ్వాలి.

గటక గిన్నె పట్టుకొని వచ్చిన నర్సింగమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

మారయ్య భార్య మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె నుదుటి మీద అరచెయ్యి ఆనించాడు, ఆ చల్లదనం నిజమో కాదో చూసుకుంటున్నట్టు. చెయ్యి తీయకుండానే డాక్టరమ్మను అడిగాడు, ఈసారి జ్వరం ఎంత దాకా పోతుందని.

"తెల్వదు మారయ్యా. మొన్నటంత పోవచ్చు. ఎక్కువా పోవచ్చు."

అండాలు అతని ముఖంలోకి చూసింది. మొన్నటి పంతం ఆ చూపులో లేదు.

"మొన్న నా మాటే నేను చెప్పిన," అంది. "ఈసారి నువ్వు చెప్పు. నువ్వు ఊఁ అంటెనే."

మారయ్య చెయ్యి ఆమె నుదుటి మీదే ఉంది. గిన్నెలోని ఎముక పెచ్చు వైపు ఒకసారి, గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు ఒకసారి చూశాడు. తల్లిని దగ్గరికి రమ్మని గటక గిన్నె అందుకొని, "ముందుగాల తిను. మళ్ళ జ్వరానికి బలం గావాలె," అన్నాడు.